ఎక్స్‌కర్షన్ చీటీ: సటీకా తాత్పర్యం

ఎక్స్‌కర్షన్ చీటీ ఆరు వాక్యాల గద్యకృతి. కింద ప్రధానోపాధ్యాయుల సంతకం, రబ్బరు ముద్ర కనిపిస్తాయి గాని కర్తృత్వం సాధారణంగా సోషల్ సారుది. ఈ కృతికి కామారెడ్డి పాఠమనీ ఎల్లారెడ్డి పాఠమనీ రెండు పాఠాలు. కామారెడ్డి పాఠం జిరాక్సు ప్రతి. అక్షరాలు మసకబారినా మాట మారదు. ఎల్లారెడ్డి పాఠం సారు బోర్డు మీద రాయగా పిల్లలు డైరీల్లో దించుకున్నది. ఎన్ని డైరీలో అన్ని పాఠభేదాలు. ఇక్కడ మొదటిదాన్ని మూలంగా పెట్టుకొని, రెండోదాన్ని అవసరమైన చోట చూపడమైనది.

మూలం: రెండవ శనివారం నాడు బాహుబలి సెట్టింగు చూచుటకు రామోజీ ఫిలిం సిటీకి విహారయాత్ర కలదు. బస్సు ఉదయం 4 గంటలకు బయలుదేరును, ఎవరి కొరకును ఆగదు. టిఫిన్, నీళ్ల సీసా, స్వెట్టరు తెచ్చుకొనవలెను. బంగారు వస్తువులు, సెల్‌ఫోన్లు తేరాదు. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. రాత్రి 11 గంటలకు వచ్చి పిల్లలను తీసుకొనిపోవలెను.

వ్యాఖ్యానం ఈ నేలకు కొత్త కాదు. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు కోలాచలం. ఆ ఊరు ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం, అంటే ఎల్లారెడ్డి వాళ్లు హైదరాబాదు పోయే దారిలోనిది. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఈ టీక ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని పాటించజూస్తుంది. రెండో సగం పాటిస్తే టీకే మిగలదు.

‘రెండవ శనివారం నాడు’ అనగా సెలవు దినమున. పిల్లల సెలవు పోదు, యాత్రగా మారుతుంది. సార్ల సెలవు మాత్రం పోతుంది. బస్సు ముందు సీట్లలో కనిపించే మౌనానికి ఇదే హేతువు. ‘కలదు’ అనే క్రియ చూడడానికి నిత్యసత్యాన్ని చెబుతున్నట్టే ఉంటుంది. నిజానికి అది సంఖ్యాధీనం. బస్సుకు సరిపడా పేర్లు రాకపోతే ‘కలదు’ కాస్తా ‘లేదు’ అవుతుంది. అందుకే చీటీ అందిన నాటి నుంచి పిల్లలు ఒకరి పేరు ఒకరు రాయించడానికి తిరుగుతారు.

‘బాహుబలి’ అనగా బాహువులందు బలము గలవాడు. చీటీకర్త ఉద్దేశించింది సినిమానే, పిల్లవాడికి వేరే అర్థం తోచదు కూడా. అయినా టీకాకారుడు ఇక్కడ కాసేపు నిలబడక తప్పదు, ఎందుకంటే అసలు బాహుబలి ఈ చుట్టుపక్కలవాడే. ఆదితీర్థంకరుడు ఋషభనాథుడి కొడుకైన బాహుబలి పోదనపురం ఏలాడనీ, అన్న భరతుడితో పోరి గెలిచి, గెలిచిన రాజ్యాన్ని వదిలేసి తపస్సుకు నిలబడ్డాడనీ జైన పురాణాలు చెబుతాయి. ఆ పోదనపురం ఎల్లారెడ్డికి ఉత్తరాన ఉన్న బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. ఈ కథను 941లో ఆదిపురాణంగా కన్నడంలో చెప్పిన పంపకవి వేములవాడ చాళుక్యుల ఆశ్రయంలో ఉన్నవాడు. వేములవాడ ఉన్నది కామారెడ్డికి పక్క జిల్లాలో. శ్రవణబెళగొళ శాసనం ఒకటి ఇంకో ముచ్చట చెబుతుంది. పోదనపురంలో భరతుడు తమ్ముడికి 525 విల్లుల ఎత్తు విగ్రహం నిలిపాడట. కాలక్రమాన కుక్కుట సర్పాలు చుట్టూ చేరి దానికి దారి మూసుకుపోయిందట. గంగరాజుల మంత్రి చావుండరాయడికి దాన్ని చూడాలని కోరిక పుట్టింది. చేరడం తన వల్ల కాదని తేలాక శ్రవణబెళగొళలో తానే 57 అడుగుల విగ్రహం కొండరాతిలో తొలిపించాడు. చూడాలనుకున్నది అందకపోతే దానిలాంటిది కట్టించుకొని చూడడమనే పద్ధతికి ఇది పదో శతాబ్దపు సాక్ష్యం. ఎల్లారెడ్డి పిల్లవాడు మాత్రం బాహుబలిని చూడడానికి బోధన్‌కు వీపు పెట్టి దక్షిణంగా పోతున్నాడు.

ఇక ప్రస్తుతార్థం. విజయేంద్రప్రసాద్ కథకు రాజమౌళి తీసిన బాహుబలి మొదటి భాగం 2015 జులై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. వాటితోపాటు యానిమేషన్ సీరీస్, నవలలు వచ్చి అదొక కథాశ్రేణి అయింది. కథ జరిగే మాహిష్మతి పేరు కల్పితం కాదు. పురాణాల్లో అది కార్తవీర్యార్జునుడి రాజధాని, నర్మదా తీరం. మధ్యప్రదేశ్‌లోని మహేశ్వరమే అదని ఒక వాదం. పేరు పాతది, ఊరు కొత్తది. అమర్ చిత్ర కథలు చదివి పెరిగానని దర్శకుడు చాలాసార్లు చెప్పాడు గనుక, ఒక తరం చిన్నతనం మరో తరం చిన్నతనానికి సెట్టింగయిందని అన్వయించుకోవాలి.

‘రామోజీ ఫిలిం సిటీకి’: గమ్యాన్ని చెప్పే ‘కి’. హైదరాబాదు–విజయవాడ రహదారి మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాపున, 1996లో రామోజీరావు నెలకొల్పిన చిత్రనగరి, 1,666 ఎకరాలు, ప్రపంచంలో అతి పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడి కట్టడాల్లో శ్లేష ఉంది. ముందు నుంచి ఒకటిగా, పక్క నుంచి మరొకటిగా తోచే ముఖభాగాలున్నాయి. శబ్దశ్లేషలో ఒక మాటకు రెండర్థాలైతే ఇక్కడ ఒక గోడకు రెండు ఊళ్లు. విమానం ఎగరని విమానాశ్రయం ఉంది, ఎక్కడికీ పోని రైలు స్టేషనుంది. ఎల్లారెడ్డికి రైలు లేదు గనుక ఆ ఊరి పిల్లల్లో కొందరు జీవితంలో మొదటిసారి ప్లాట్‌ఫారం ఎక్కేది ఈ స్టేషన్‌లోనే. కామారెడ్డి పిల్లలకు ఈ అదృష్టం లేదు. వాళ్ల ఊళ్లో రైళ్లు నిజంగానే పోతాయి.

ఇప్పుడు చీటీకి ప్రాణమైన మాట, ‘సెట్టింగు’. ఇది ఇంగ్లీషు నుంచి వచ్చి ‘సెట్టింగు వేశారు’ అనే పలుకుబడిలో తెలుగు మాటైపోయింది; గణపతి మండపానికీ పెళ్లి వేదికకూ కూడా చెల్లుతుంది. సినిమా అర్థంలో ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఫైబరు కలిపి, రాయిలా కనబడేట్టు రంగు వేసిన కట్టడం. సాబు సిరిల్ కళాదర్శకత్వంలో మాహిష్మతికి వేసిన సెట్టింగుల్లో కొంత భాగాన్ని షూటింగు అయ్యాక కూడా ఉంచి సందర్శకులకు చూపిస్తున్నారు. ఇక్కడే ఆలంకారికుల మధ్య వాదం పుడుతుంది. ఆ సెట్టింగులోని ఒక స్తంభం ముందు నిలబడ్డ పిల్లవాడి స్థితి ఏ అలంకారం?

భ్రాంతిమంతం అని ఒక పక్షం. తాడును చూసి పామనుకున్నట్టు, ఫైబరును చూసి రాయి అనుకుంటున్నాడని వాళ్ల వాదం. స్మృతిమంతం అని ఇంకో పక్షం: ఈ స్తంభాన్ని చూసి టీవీలో చూసిన స్తంభాన్ని తలుచుకుంటున్నాడని. రెండూ నిలవవు. దానికి ప్రమాణం అక్కడే దొరుకుతుంది. ఎల్లారెడ్డి జట్టులో ఒక పిల్లవాడు, ఎడమ చంకలో ఖాళీ టిఫిన్ డబ్బా, వరుస తప్పి స్తంభం దగ్గరికి పోతాడు. అటూ ఇటూ చూసి, వేలి కణుపులతో రెండుసార్లు కొడతాడు. డొల్ల చప్పుడు వస్తుంది. పక్కన ఉన్నవాడు ‘ఏమ్రా, రాయేనా?’ అంటాడు. వీడు చెయ్యి జేబులో పెట్టుకొని, ‘నువ్వు ముందు ఫొటోకు నిలబడు’ అంటాడు. డొల్ల అని తెలిసింది; తెలిసినట్టు చెప్పలేదు; చెప్పకపోగా ఛాతీ విరిచి తానూ నిలబడ్డాడు. కనుక భ్రాంతి కాదు. తలపు కూడా కాదు, ఎందుకంటే వాడు పాత సంగతిని గుర్తు చేసుకోవడం లేదు, ఇప్పుడు రాజుగా నిలబడుతున్నాడు. ముఖం చంద్రుడు కాదని తెలిసీ ముఖచంద్రుడనే కవి పని ఇది. శాస్త్రంలో దీన్ని ఆహార్యారోపం అంటారు: కాదని తెలిసి కావాలని ఆరోపించడం. కాబట్టి మాహిష్మతీ సందర్శనం రూపకాలంకారం. పిల్లలు మోసపోతున్నారని విసుక్కునే పెద్దలు ఈ భేదం తెలియక విసుక్కుంటారు.

విశేషం: ఇలాంటి చోట్లు లోకంలో ఇంకా ఉన్నాయి. అమెరికా ఒర్లాండోలో 2010 జూన్‌లో తెరిచిన హ్యారీ పాటర్ లోకానికి అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు కూడా దుప్పటి లాంటి అంగీ వేసుకొని, మంత్రపు కర్ర పట్టుకొని పోతారు, బటర్‌బీర్ తాగుతారు. అందులో బీరు లేదని తెలిసే తాగుతారు గనుక అదీ రూపకమే. జపాన్‌లో యానిమేషన్ సినిమాల జిబ్లీ పార్కు 2022 నవంబరులో తెరిచినప్పుడు అందులో తిరిగే యంత్రాలు, జారుడు బండ్లు లేవు. నడవడం, చూడడం అంతే. వీటికీ మాహిష్మతికీ ఒక భేదం ఉంది. ఒర్లాండోలో సినిమాను చూసి కోట కట్టారు. ఇక్కడ సినిమా కోసం కట్టిందే మిగిలింది. అక్కడిది నకలుకు నకలు. ఇక్కడి స్తంభం డొల్లదే అయినా కెమెరా ముందు నిలబడ్డది అదే. అసలైన నకిలీ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇక్కడొక పూర్వపక్షం. కామారెడ్డి పక్కనే దోమకొండ గడి ఉంది: నిజమైన రాయి, నిజమైన బురుజులు, లోపల మహాదేవుడి గుడి, ఆ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. చేతిలో నిజమైన కోట పెట్టుకొని నూటయాభై కిలోమీటర్లు పోయి డొల్ల కోట చూడడం దేనికి? సిద్ధాంతం: దోమకొండ గోడను కొడితే వేళ్లు నొస్తాయి, అంతే, ఆరోపించడానికి చోటు మిగలదు. పైగా పిల్లలు ఆ కోటలో యుద్ధం టీవీలో చూడలేదు. చూడని యుద్ధం జరగనట్టే అనేది ఆ వయసు ప్రమాణశాస్త్రం. ఈ సమాధానం దోమకొండ వాళ్లకు నచ్చదు, నచ్చనక్కర లేదు కూడా.

‘బస్సు ఉదయం 4 గంటలకు’: ఎల్లారెడ్డి పాఠంలో ‘మూడున్నరకు’. దారులు కూడా వేరు. కామారెడ్డి బస్సు 44వ జాతీయ రహదారి పట్టి భిక్కనూరు, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ మీదుగా ఔటర్ రింగు రోడ్డెక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగుతుంది. ఎల్లారెడ్డి బస్సు నాగిరెడ్డిపేట, మెదక్, నర్సాపూర్ అడవి దాటి ఔటర్ చేరుతుంది. మొదటిది వేగం, రెండోది మలుపులు. ‘ఎవరి కొరకును ఆగదు’ అనే వాక్యానికి ఎల్లారెడ్డి దారిలో పెద్ద విరోధం వస్తుంది, ఎందుకంటే మెదక్ దాటగానే బస్సు ఆగుతుంది. మూడో సీటు పిల్లవాడు పొద్దున తాగిన పాలు కక్కుతాడు. ఆగదన్న బస్సు ఆగింది గదా అంటే, మూలంలో ఉన్నది ‘ఎవరి కొరకును’ అని. వాంతి ‘ఎవరు’ కాదు, ‘ఏమి’. కనుక విరోధం లేదు. బస్సు ఆగేది ఇంచుమించు కొల్చారం పొలిమేరల్లో. ఆరు వందల ఏళ్ల కింద అక్కడివాడు ఇంతకన్నా చిక్కు వాక్యాలను సమన్వయపరిచాడు. నిమ్మకాయ వాసన చూపించి, కిటికీ పక్క సీటు ఇచ్చాక బస్సు మళ్లీ కదులుతుంది. కిటికీ సీటు కోసమే కక్కాడని వెనక సీట్ల వ్యాఖ్య. దానికి ఆధారం లేదు.

‘టిఫిన్’: ఊళ్లో మాటలో సద్ది. పులిహోర, సర్వపిండి, చుడువ. సంక్రాంతి దగ్గరపడితే సకినాలు. ‘తెచ్చుకొనవలెను’ అన్నారే గాని ఎప్పుడు తినవలెనో చెప్పలేదు. చెప్పని పదాన్ని తెచ్చుకొని వాక్యం పూర్తి చేయడాన్ని అధ్యాహారం అంటారు. సార్లు ‘మధ్యాహ్నమున’ అని అధ్యాహారం చేస్తారు, పిల్లలు ‘వెంటనే’ అని. కామారెడ్డి బస్సులో డబ్బాలు భిక్కనూరు టోల్‌గేటుకే తెరుచుకుంటాయి. చీకట్లోనే పులిహోర వాసన ముందు సీట్ల దాకా వస్తుంది. ఒక సర్వపిండి ముక్క చేతులు మారి నాలుగు సీట్లు తిరిగి, దాని సొంతదారుకు అంచు మాత్రం తిరిగొస్తుంది. స్తంభం దగ్గర డబ్బా ఖాళీగా ఎందుకున్నదో దీనివల్ల తెలుస్తుంది. ‘స్వెట్టరు’ గురించి చెప్పాల్సింది లేదు. ఎవరూ వేసుకోరు, అందరూ మోస్తారు.

‘బంగారు వస్తువులు, సెల్‌ఫోన్లు తేరాదు’: నిషేధవాక్యం. దీనికి ఎల్లారెడ్డి డైరీల్లో ఒక అపూర్వమైన పాఠభేదం ఉంది. ఒక లేఖకుడు చివర కొమ్ముకు దీర్ఘమిచ్చి ‘తేరాదూ’ అని దించుకున్నాడు. హ్రస్వమైతే తేవొద్దని, దీర్ఘమైతే తెస్తే ఏం పోయిందని బతిమాలడం. తెలుగులో ఒక్క మాత్ర పెరిగితే ఆజ్ఞ అర్థింపుగా మారుతుందనడానికి ఇది చక్కని దృష్టాంతం. ఆ లేఖకుడి అన్నయ్య ఫోన్ బ్యాగు అడుగున దొరికినప్పుడు డైరీనే సాక్ష్యంగా చూపించాడు. సోషల్ సారు వ్యాకరణం ఒప్పుకున్నాడు, ఫోన్ తీసుకున్నాడు. దాంతో మాహిష్మతిలో మిగిలింది సారు ఫోన్ ఒక్కటే. రెండు తరగతుల పిల్లలు అయిదుగురు చొప్పున నిలబడి, ప్రతి జట్టూ కళ్లు మూసుకున్నవాణ్ణి తిట్టి మళ్లీ తీయించుకోవడంతో ఆ ఒక్క చోటే గంట పోయింది. ఆ గంటలో ఎండ స్తంభం పై నుంచి పాదం దాకా దిగింది.

‘తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి’: ద్వంద్వ సమాసం ఇద్దరినీ అడుగుతున్నట్టుంది గాని ఒక్కటి చాలు. కామారెడ్డి జిల్లాలో చాలా ఇళ్ల తండ్రులు గల్ఫ్‌లో ఉంటారు. అక్కడ తల్లి చేస్తుంది, లేదా తాత. తాత సంతకం చేసే ముందు కళ్లద్దాలు పెట్టుకొని చీటీ మొత్తం చదువుతాడు. చదివి, ‘మీరు పోయేకాడ రాకాసిలోయ ఉంటదా?’ అని అడుగుతాడు. మనవడికి అర్థం కాదు. దీనికి అవతారిక కావాలి. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో ధారావాహికలు ఎత్తుకున్నారు. తర్వాత జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం, మాయాసరోవరం. వాటికి చిత్రా బొమ్మలు. భేతాళ కథలకు శంకర్ బొమ్మలు. ధారావాహికలు నెలకొకసారి, సరిగ్గా కత్తి ఎత్తిన చోట ఆగిపోయేవి. ఆ తరానికి పార్కు కట్టినవాడు లేడు. బడి లైబ్రరీలో అట్ట ఊడిన సంచిక, మాంత్రికుడి గడ్డం మీద ఎవడో సిరాతో దిద్దిన మీసం, అదే వాళ్ల సెట్టింగు. అక్కడ కొట్టి చూడడానికి స్తంభం కూడా లేదు. ఆరోపమంతా మనసే మోయాలి. ఈ రెంటిలో ఏది గొప్ప అనే తగువు ఇక్కడ అనవసరం. తాత సంతకం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో, చీటీలో కేటాయించిన గీత దాటి, ప్రధానోపాధ్యాయుల ముద్ర మీదికి పోతుంది.

‘రాత్రి 11 గంటలకు వచ్చి’: పాఠం పదకొండు, ఆచారం పన్నెండున్నర. ఔటర్ దిగాక పాటలు ఆగుతాయి. కామారెడ్డిలో బడి గేటు ముందు మోటారుసైకిళ్లు, ఎల్లారెడ్డిలో బస్టాండు దగ్గర ఆటోలు వరుస కడతాయి. ‘తీసుకొనిపోవలెను’ అనే క్రియ ఈ చీటీలో అన్నిటికన్నా అక్షరార్థం. పొద్దున తన కాళ్లతో ఎక్కినవాణ్ణి రాత్రి భుజాన వేసుకొనే పోవాలి. వాడి చేతిలో ఒక ప్లాస్టిక్ కత్తి ఉంటుంది. మూలంలో ‘తెచ్చుకొనవలెను’ జాబితాలో గాని ‘తేరాదు’ జాబితాలో గాని కత్తి లేదు గనుక అది శాస్త్రబాహ్యం. ఎవరూ ఏమీ అనరు. నిద్రలో కూడా దాన్ని వదలడు. ఆటోలో తాత మెల్లగా అడుగుతాడు: ‘ఎట్లుండె బిడ్డా?’ వాడు కళ్లు తెరవకుండానే ‘మంచిగుండె’ అంటాడు.

‘మంచిగుండె’: ఇది సూత్రం. దీనికి వాడే స్వయంగా రాసుకునే టీక మరునాడు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు మొదలై, వారం దాకా నడుస్తుంది. అందులో స్తంభం రాతిదే.